బండ కింద ఈకల కోటు

మా తమ్ముడి కూతురు శ్రావణి మొన్న హైదరాబాద్ నుంచి వికారాబాద్ వచ్చి, చెప్పులు విప్పకముందే నా ఒళ్ళో ఒక చిన్న సంచి పడేసింది. అందులో ఏముందో చెప్పమంది. నొక్కి చూస్తే మెత్తగా ఉంది. పసిపిల్లల దిండు అన్నాను. నవ్వి, సంచి మూతి తాడు వదులు చేసి తలకిందులుగా దులిపింది. అందులోంచి ఒక కోటు జారి సోఫా మీద పడి, మేం చూస్తుండగానే ఉబ్బడం మొదలుపెట్టింది. నూనెలో పూరీ పొంగినట్టు పొంగి పొంగి, చివరికి ఒక మనిషి కూర్చునేంత చోటు ఆక్రమించుకుంది. "నీకే అత్తా, తొడుక్కొని సూడు" అంది శ్రావణి. తను వచ్చే నెల మంచుకొండల్లో నడవడానికి పోతోందట, నన్ను కూడా తీసుకుపోతుందట. నిట్టనిలువు ఎక్కుడేమీ ఉండదట, నా వయసు వాళ్ళు కూడా పోయే దారేనట, మోకాళ్ళ సంగతి డాక్టరును ముందే అడిగి పెట్టుకుందట. పోకుండా ఉండడానికి నాకు తెలిసిన కారణాలన్నీ చెప్పాను. చెట్లకు నీళ్ళెవరు పోస్తారన్నాను, పాలవాడికి ఏం చెప్పాలన్నాను, చలికి నాకు ముక్కు కారుతుందన్నాను. అన్నీ అయిపోయాక చెప్పని కారణం ఒక్కటే మిగిలింది. ఈ ప్రయాణానికి నేను కాలేజీ రోజుల్లోనే ఒకసారి సామాను సర్దుకున్నాను. అప్పటి కోటు ఇంకా మా ఇనప్పెట్టె అడుగున ఉంది.

అప్పుడు మేం తాండూరులో ఉండేవాళ్ళం. ఊరంతా రాళ్ళు కోసే మిషన్ల రొద. రోడ్ల మీద, వేపాకుల మీద, ఇంటికి వచ్చిన చుట్టాల కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి. మా ఇంట్లో గచ్చు నాపరాయి, అరుగు నాపరాయి, బట్టలుతికేదీ స్నానానికి కూర్చునేదీ నాపరాయే. ఇవి కాక, ఏ మూల చూసినా పనికొస్తాయని తెచ్చిపెట్టిన బండ ముక్కలు. మా నాయనమ్మ లెక్కలో బండ కింద పెడితే బాగుపడని వస్తువు ఈ లోకంలో లేదు. జాడీలో మామిడి ముక్కలు తేలుతుంటే మీద బండ. విరిగిన పాలు మూటగట్టి దాని మీద బండ. నా కాలేజీ లంగావోణీలు ఇస్త్రీ పెట్టె ఎరగవు, రాత్రి మడతపెట్టి బండ కింద పెడితే తెల్లారేసరికి కత్తిలాగా తయారయ్యేవి. నాయినకు ఒకసారి నడుం పట్టేస్తే ఆయన్ను కూడా బండ కింద పెట్టాలని చూసిందని అమ్మ అంటుండేది. అది అబద్ధమో నిజమో నాకు తెలియదు కానీ, నాయిన మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి బయటికి పోయేవాడు.

నాయనమ్మ పుట్టినూరు కన్నడ సరిహద్దు అవతల. మనుషులను తిట్టడం తెలుగులో, కుట్లు లెక్కపెట్టడం కన్నడలో. చలికాలం వస్తే ఆమెకు పండగే. అటక మీది రజాయిలన్నీ కిందికి దిగేవి. వాటి మడతల్లో ఎండిపోయిన వేపాకు, కలరా ఉండల వాసన. పొద్దున కందికట్టె మంట మీద స్నానాల నీళ్ళు కాగుతుంటే ఆ పొగ కూడా వచ్చి వాటికే పట్టేది. కందికట్టె పొగ వాసన లేని రజాయి కప్పుకుంటే నాకు ఇప్పటికీ పరాయి ఇంట్లో పడుకున్నట్టే ఉంటుంది. పాత రజాయిలను విప్పి, దూది ఏకించి, కొత్తగా కుట్టడానికి పక్కింటి హలీమా చాచి వచ్చేది. ఆమె, నాయనమ్మ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, దూది పరిచి, బెత్తంతో తట్టి, అది ఎటూ జరగకుండా నిలువునా అడ్డంగా పొడవాటి కుట్లు వేసేవాళ్ళు. వాటిని డోరాలు అనేది చాచి. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. డోరాలు వేయని రజాయి గడప దాటిపోకూడదు. ఎవరైనా తొందరపడి అడిగినా ఇచ్చేది కాదు. "దూది ఒక్క మూలకు ఉరికితే నన్నే తిడ్తరు, ఆ దూదిని తిడ్తరా?" అనేది.

నేను రోజూ తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ కాలేజీకి పోయి వచ్చేదాన్ని. హైదరాబాద్‌లో ఆఫీసులో పనిచేసే మా మేనమామ నర్సింలుకు సెలవు దొరికితే కొండలెక్కే పిచ్చి. ఆ చలికాలం నలుగురు స్నేహితులు కుటుంబాలతో మంచుకొండలకు పోతున్నారని, సుగుణను కూడా పంపమని అమ్మకు చెప్పాడు. సుగుణ అంటే నేనే. నేను అప్పటికి మంచును క్యాలెండర్ల మీద తప్ప చూసి ఎరగను. ఆ మాట విన్న రోజు అన్నం తినలేకపోయాను. అయితే పంపాల్సింది నాయిన. ఆయన బాగా ఆలోచించి రెండు షరతులు పెట్టాడు. "ఆ చలికి ఆగే కోటు ముందుగాల్ల నా కండ్లకు చూపియ్యాలె. ఇంకోటి, బిడ్డ సామాను బిడ్డనే మోసుకోవాలె. ఒక్కటే సంచి. రెండో సంచి కనిపిస్తే రైలెక్కేదే లేదు." నాయిన షరతులు పెట్టాడంటే దాదాపు ఒప్పుకున్నట్టే. నేను ఎగిరి గంతేశాను. నాకంటే ముందు నాయనమ్మ గంతేసింది.

ఎందుకంటే ఆ ప్రయాణం మీద నాకంటే ఆమెకే ఆశ ఎక్కువ. పుట్టినూరు నుంచి తాండూరు, తాండూరు నుంచి పుట్టినూరు, ఇంతే ఆమె తిరిగిన దేశం. నేను కాలేజీ నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది. "మంచు మీద కాలు పెడితే సప్పుడైతదా బిడ్డా? వాసన ఉంటదా? ఎండ పొడిస్తే ఏమైతది?" ఒక రోజు ఊరగాయ పెట్టే చిన్న జాడీ తోమి, తుడిచి, ఎండబెట్టి నా ముందు పెట్టింది. "గింతంత తే. మూతి గట్టిగ కడ్త, బట్ట కూడ ఇస్త." కరిగిపోతుంది నాయనమ్మా అంటే, నాకు జాడీ మూతి కట్టడం రాదు కాబట్టి అలా అంటున్నానని అనుకుంది.

మామ తన స్నేహితుడి భార్య కోటు అడిగి తెచ్చి మా ఇంట్లో పెట్టి, వచ్చే వారం వస్తానని పోయాడు. నీలం రంగు కోటు. మా వాళ్ళెవరూ అలాంటిది చూసి ఉండరు. నాయిన దాన్ని తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చెమటలు కారుతుంటే విప్పి, మొదటి షరతు గట్టెక్కిందన్నాడు. ఇక రెండోది. సంచిలో ముందు నాయనమ్మ సామాను పోయింది. సజ్జ రొట్టెలు, సకినాలు, కందిపొడి, కారంపొడి, వెల్లుల్లి కారం, ఎందుకైనా మంచిదని ఇంకో కందిపొడి, ఆ పైన ఖాళీ జాడీ. ఆ తర్వాత నా బట్టలు. చివర కోటు. కోటు సగం లోపలికి పోయి సగం బయటే ఆగింది. నేను ఎక్కి కూర్చున్నాను. తమ్ముడు నా మీద కూర్చున్నాడు. మేం లేవగానే అది కూడా మాతోపాటు లేచింది. కందిపొడి తీసేద్దామని అమ్మ అంది. నాయనమ్మ అమ్మ వైపు చూసిన చూపుకు ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాయిన గుమ్మంలో నిలబడి, "ఒక్కటే సంచి" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను ఏడుస్తూ పడుకున్నాను.

మర్నాడు నేను రైల్లో వికారాబాద్ పోయాక ఇంట్లో జరిగింది తర్వాత అమ్మ చెబితే తెలిసింది. నాయనమ్మ హలీమా చాచిని పిలిపించింది. ఇద్దరూ కోటును అరుగు మీద పరిచి, కళ్ళజోళ్ళు పెట్టుకుని పరీక్ష చేశారు. అడ్డంగా అక్కడొకటి ఇక్కడొకటి కుట్టు ఉంది, మధ్యలో అంతా వదులు. నిలువు కుట్లు అసలే లేవు.

"అరే అక్కా, ఇది అధూరా పని" అంది చాచి. "డోరాలు ఎయ్యనే లేదు. గందుకే గిట్ల ఉబ్బుతున్నది."

"పైసలు తీస్కొని సగం పని చేసి ఇచ్చిండా?"

"పెద్ద దుకాణపోళ్ళు అందరు గట్లనే."

అంతలో నాయనమ్మ కుట్టులోంచి పొడుచుకొచ్చిన తెల్లటి పోగొకటి పట్టుకుని లాగింది. అది పోగు కాదు, ఈక. ఇద్దరూ దాన్ని ఎండకు పట్టి చాలాసేపు చూశారట. నాయనమ్మకు కోపం పోయి జాలేసింది. "పాపం, ఆడ దూది దొరకదు కావచ్చు. కోడీకలు కుక్కిన్రు."

"ముర్గీ కాదు అక్కా, బతక్ ఈక లెక్క ఉన్నది" అంది చాచి. బతక్ అంటే వాళ్ళ మాటలో బాతు.

"ఏదైతే ఏంది, మనం తిని పారేసేది వాళ్ళు తొడుక్కుంటున్నరు. నువ్వు దారం ఎక్కియ్యి."

దబ్బనం లాంటి పెద్ద సూది, రజాయిలకు వాడే ఎర్ర దారం తీసుకుని ఇద్దరూ కూర్చున్నారు. ఒందు, ఎరడు, మూరు అంటూ నాయనమ్మ వీపు వైపు, చాచి ఛాతీ వైపు. పొద్దు వాలేవరకు నిలువునా అడ్డంగా డోరాలు వేశారు. జేబుల మీద కూడా వదిలిపెట్టలేదు. వేసినంత మేర కోటు బుద్ధిగా అణిగిపోయింది. ఆఖరున నాయనమ్మ దాన్ని చక్కగా మడతపెట్టి, పాత చీర చుట్టి, వాకిట్లోని పెద్ద నాపరాయి బండ కింద పెట్టింది. ఆ బండ ఎత్తడానికి వీధిలో పోయే ఇద్దరు మగవాళ్ళను పిలవాల్సి వచ్చిందట.

మామ వచ్చే రోజు వరకు అది బండ కిందే ఉంది. ఆ పొద్దున బయటికి తీస్తే మా స్కూలు అట్లాసు అంత మందం ఉంది. నాయనమ్మ దాన్ని సంచిలో కందిపొడికీ సకినాలకూ మధ్యన ఉన్న సందులో అవలీలగా దూర్చింది. పైన ఇంకా చోటు మిగిలితే బెల్లం ముద్ద పెట్టింది. నాయిన సంచి ఎత్తి చూసి, నన్ను ఎత్తమని, నేను ఎత్తి వాకిలంతా నడిచి వస్తే తల ఊపాడు. నా కాళ్ళు నేల మీద లేవు. హలీమా చాచి నా తల నిమిరి, "ఇప్పుడు పో బేటీ, మా పేరు చెప్పు ఆడ" అంది. ఆ క్షణంలో మా ఇంట్లో ఆ ఇద్దరికంటే గొప్ప మనుషులు లేరు. ఆ మాట నేను బయటికి కూడా అన్నాను.

మామ మధ్యాహ్నం వచ్చాడు. టీ తాగుతూ కోటు ఏదన్నాడు. నాయనమ్మ కొత్త కోడలిని చూపించినంత మురిపెంగా తీసి ఆయన చేతిలో పెట్టింది. మామ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇదేంది అత్తమ్మా?"

"కోటు. పని పూర్తి చేసినం."

మామ మెల్లగా లేచి, కోటును రెండు చేతులా పట్టుకుని, చాప దులిపినట్టు దులిపాడు. ఉబ్బుతుందని ఆయన ఆశ. అది ఉబ్బలేదు. డోరాలు వేసిన ప్రతి చిల్లులోంచి ఈకలు బయటికి వచ్చాయి. ఆయన ఇంకా గట్టిగా దులిపాడు. ఈకలు గదంతా లేచి, నిదానంగా దిగి, నాయిన మీసాల మీద, మామ టీ కప్పులో, దేవుడి పటాల మీద వాలాయి. తమ్ముడు చేతులు చాచి గిరగిరా తిరిగాడు. "ఉబ్బు ఉంటేనే వేడి అత్తమ్మా" అన్నాడు మామ ఏడుపు గొంతుతో. "ఈకల నడుమ ఆ గాలే చలిని ఆపేది. ఇప్పుడు ఇందుల ఏముంది? రెండు పొరల బట్ట." మర్నాడే రైలు. ఇంకో కోటు దొరికే దారి లేదు. చాచి అప్పటికప్పుడు దూది కోటు కుట్టి ఇస్తానంది. అది తడిస్తే ఆరదు, మంచులో ప్రాణానికే ముప్పు అని మామ మెత్తగా చెప్పాడు. నాయిన మీసాల మీది ఈక తీసి పక్కన పెట్టి, "మొదటి షరతు పాయె" అన్నాడు. అంతే. మామ ఒక్కడే పోయాడు. ఆ స్నేహితుడు తర్వాత కోటు చూసి కడుపు పట్టుకుని నవ్వి, దాన్ని మీరే ఉంచుకోమని తిప్పి పంపాడు.

ఆ తర్వాత నేను అన్నం దగ్గర తల దించుకుని తిని లేచిపోయేదాన్ని. నాయనమ్మ అయితే బండల జోలికే పోలేదు. జాడీలో మామిడి ముక్కలు పైకి తేలుతున్నా చూస్తూ కూర్చుంది. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను. చివరికి ఒక రోజు తెల్లారే ముందు ఆమే నన్ను లేపి, "నడువ్, చలిల కొండెక్కుదాం" అంది. తాండూరులో కొండెక్కడిదన్నాను. "వికారాబాద్‌ల లేదా? అనంతగిరి?"

మొదటి రైలుకు ముగ్గురం బయల్దేరాం. నా ఒంటి మీద హలీమా చాచి ఎవరు వద్దన్నా పట్టుబట్టి కుట్టిన దూది కోటు. ఒక రజాయికి చేతులు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చేతులు కిందికి వాలేవి కావు. చాచి బురఖా మీద శాలువా. నాయనమ్మ చీర మీద, సిగ్గూ శరమూ లేకుండా, ఆ నీలం ఈకల కోటు. వికారాబాద్ స్టేషన్ బయట టీ పోసే ఆయన మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఏ ఊరి సర్కస్ అమ్మా?" అన్నాడు. "తాండూరు సర్కస్. నువ్వు జర చక్కెర ఎక్కువ ఎయ్యి" అంది నాయనమ్మ. ఎక్కుతుంటే ఆమె వెనకాల దారి పొడుగునా ఈకలు రాలుతూ వచ్చాయి. ఒక కుక్క కోడి ఉందనే నమ్మకంతో కొండ సగం వరకు వెంటపడి, కోడి కనిపించక మొరిగి మొరిగి వెనక్కి పోయింది. చెట్ల మధ్య నిజంగానే చలిగా ఉంది. మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చేది. నేను మాత్రం దూది కోటులో చెమటతో ఉడికిపోయాను.

పైన ఒక రాతి మీద కూర్చుని సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం తిన్నాం. లోయ కనిపించకుండా పొగమంచు కమ్ముకుని ఉంది. చాచి రొట్టె చేతిలో పట్టుకుని అట్లాగే చూస్తుండిపోయింది. నాయనమ్మ వేళ్ళు వణుకుతుంటే జేబుల్లో పెట్టుకోవాలని చూసింది. జేబుల మీద డోరాలు ఉన్నాయి కదా, చేతులు దూరలేదు. ఆ డోరాలు తనే వేసిందని గుర్తొచ్చి ముందు ఆమే నవ్వింది. తర్వాత మేమిద్దరం. నవ్వి నవ్వి ఆగాక నా వైపు తిరిగి, "నీ దారి నేనే ఆపినట్టైంది బిడ్డా" అంది. నేను ఆమె చేతులు నా కోటులోకి లాక్కున్నాను. ఆమె "ఎన్నడన్న పోతవు. గప్పుడు దీన్ని కూడ తోల్కపో. ఇదేం జాగ అడగదు" అంది.

ఎన్నడన్నా అనే మాట ఉద్యోగం చేసేవాళ్ళకు, పిల్లలు ఉన్నవాళ్ళకు చాలా అనుకూలంగా ఉంటుంది. నేను దాన్ని బాగా వాడుకున్నాను. టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయి వికారాబాద్ వచ్చాను, అనంతగిరి కిటికీలోంచే కనిపించే ఇంట్లో ఉంటూ ఏళ్ళ తరబడి ఎక్కనే లేదు. నాయనమ్మ పోయింది, ఆ వెనకే చాచి. ఇప్పుడు ఆదివారాలు కొండ మీద నడవడానికి జనం కార్లలో వస్తారు. వాళ్ళ బూట్లు, కర్రలు, వీపు సంచులు చూస్తే అందరూ హిమాలయాలకే బయల్దేరినట్టుంటారు. ఒకప్పుడు నలుగురిని అడిగి, బతిమాలి తెచ్చుకున్న ఈకల కోటు ఇప్పుడు ఇంటి గుమ్మం ముందుకే వస్తుంది, కొలత సరిపోకపోతే వాపసు కూడా తీసుకుంటారట. శ్రావణి పోతానంటే మా తమ్ముడు షరతులేమీ పెట్టలేదు, రోజూ ఒక ఫొటో పంపమన్నాడు. ఇది మా కాలం కంటే మంచిదే. నిజంగా మంచిదే. కానీ ఎంత వెతికినా శ్రావణి తెచ్చిన పెద్ద సంచిలో కందిపొడి లేదు.

చివరికి శ్రావణికి అంతా చెప్పి, పెట్టె తెరిచి కోటు చూపించాను. ఎర్ర డోరాల రంగు తగ్గలేదు. కలరా ఉండల వాసన, దాని కింద ఎక్కడో కందికట్టె పొగ. పిల్ల నవ్వలేక నేల మీద కూలబడింది. "అత్తా, గీళ్ళు కోటును సజ్జ రొట్టె చేసిన్రు!" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కొత్త కోటును ఆ బుల్లి సంచిలోకి పిడికెళ్ళతో కుక్కడం మొదలుపెట్టింది. మడతపెట్టకూడదట, ఎలా పడితే అలా కుక్కాలట, అక్కడికి పోయాక దులిపితే మళ్ళీ ఉబ్బుతుందట. నేను పక్కన కూర్చుని చూశాను. నా చెయ్యి ఊరికే ఉండలేక కొత్త కోటు కుట్ల మధ్య దూరం కొలిచింది. చాలా వదులుగా ఉంది. హలీమా చాచి ఉంటే ఒప్పుకునేది కాదు.

"వస్తున్నవా, లేదా? పేరు రాయించాలె" అంది శ్రావణి. వస్తానన్నాను. పాలవాడి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎంత పడుతుందో చూద్దామని ఆ రోజే ఆ పెద్ద సంచిలో సామానంతా పెట్టాక, నేను దాచి పెట్టిన కందిపొడి డబ్బా కూడా ఎక్కాక, సంచి గొంతు దాకా నిండింది. నేను నీలం కోటు తీసుకొచ్చాను. "అయ్యో అత్తా, ఇంక సూది పట్టే జాగ కూడ లేదు" అంది పిల్ల. నేను కోటును నాయనమ్మ మడతలోనే మడిచి, కందిపొడి డబ్బాకూ సంచి గోడకూ మధ్యన జార్చాను. ఏ చప్పుడూ చేయకుండా అడుగుదాకా పోయింది. శ్రావణి నమ్మలేక చెయ్యి పెట్టి వెతికింది. తర్వాత జిప్పు లాగింది. అది ఎక్కడా ఆగకుండా మూసుకుంది.